గీటు

మా నాన్న గుణుపురం బజారులో
గీటురాయి మీద బంగారం గీసి
కంటితోనే కల్తీ చెప్పేవాడు.
నేను గాజుపలక మీద నెత్తురు గీస్తాను.
జీతం సర్కారుది, కన్ను మాత్రం ఆయనదే.

వంశధార ఎర్రగా పొంగిన వారం
దంబురు సబర కొండ దిగి వచ్చాడు
కావిడిలో ఒక పక్క చింతపండు, ఒక పక్క గుంట.
పేరు సుకుమి. రెండేళ్లు. తొమ్మిది కిలోలు.
కింది రెప్ప లాగి చూస్తే కడిగిన బియ్యం.
దిసారి కోడిని కోశాడట.
"కోడి చచ్చింది, జ్వరం చావలేదు"
అన్నాడు దంబురు, ఒడియాలో, నవ్వకుండా.

వేలు గుచ్చితే పిల్ల ఏడవలేదు.
అదే నన్ను భయపెట్టింది.

కరెంటు లేదు. మైక్రోస్కోపుని కిటికీ దగ్గరికి జరిపి
అద్దం తిప్పి తిప్పి
మబ్బు సందులోంచి కాస్త ఎండ పట్టాను.
నూనె చుక్క. మసక, మసక,
ఆపైన ఉంగరాలు.

ఎర్ర కణంలో సన్నని నీలి తీగ, కొసన ఎర్రరాయి.
కొన్నింట్లో రెండేసి.
నాన్నా, నీ జన్మలో ఇంత సన్నని పని చేశావా?
కొలిమి లేదు, ఊదుగొట్టం లేదు,
పసిదాని ఒంటివేడి చాలింది వీటికి.
అందంగా ఉన్నాయనుకున్నాను, ఒక్క క్షణం.
తర్వాత లెక్కపెట్టాను. వందకి నాలుగు.

పసుపు అట్ట మాత్రలు.
చెంచాలో నలిపి, బెల్లం నీళ్లు కలిపి పోస్తే
మింగింది. పావుగంటకి కక్కేసింది, నా చొక్కా మీదే.
మళ్లీ నలిపాను.
గురివింద ఎత్తు తేడా రాకుండా, ఆయన తూచినట్టే,
చెంచా అంచున అంటిన పొడి కూడా గీకి.
అరగంట సేపు తల్లీ తండ్రీ నేనూ
ఆ చిన్న గొంతునే చూస్తూ కూచున్నాం.
నిలిచింది.

మూడో రోజు పలకలో వెతికాను.
చూసిన చోటే మళ్లీ చూశాను. ఏమీ లేవు.
పక్కన సుకుమి నా సీసా మూత కొరుకుతోంది,
లాక్కుంటే కేకలు.
ఆ ఏడుపు కోసమే మరోసారి లాక్కున్నాను.

తల్లి సవరలో ఏదో అడిగింది.
"గొట్టంలో ఏటుందో చూస్తాదట."
మొదటి రోజు పలక పెట్టాను.
చాలాసేపు వంగి చూసి, లేచి,
ముక్కుకున్న ఉంగరం తడుముకుంది. ఒక మాటంది.
దంబురు దాన్ని ఒడియా చెయ్యలేదు.

వెళ్లేటప్పుడు దోమతెర ఇచ్చాను.
గెడ్డలో చేపలు పట్టడానికి కాదురా అన్నాను.
అప్పుడు నవ్వాడు.