నెలకు రూపాయిన్నర

కాలవ తవ్వే కాడ, మట్టిగంప నెత్తినుండగానే
అమ్మ కూలింది, ధాత కరువులో.
నన్ను మిషను బండిలో ఒంగోలు తెచ్చి
పుస్తకంలో రాసుకున్నారు:
ఆడపిల్ల. ఆరేళ్ళు కావచ్చు. పేరు చెప్పదు.
పేరుంది. అడిగిన నోరే కొత్త.

కొత్తపట్నం దోవలో చెప్పులు కుట్టే
ఆదెమ్మ ఇంట్లో పెట్టారు,
నెలకు రూపాయిన్నరకి.

ఎంత సంగటి తింటే రూపాయిన్నర?
లెక్క తెలీక
మూడో ముద్దకే చెయ్యి కడిగేసేదాన్ని.

మొదటి శనివారం దొరసాని వచ్చేది.
ఆ పొద్దు ఆముదం, బిగించిన జడ, ఉతికిన పావడ.
ఆమె నా రెక్క పట్టి చూసి,
సంతలో దూడని చూసినట్టు,
"ఒళ్ళు చేసింది" అని రాసుకునేది.

పన్నెండు నిండాయన్నారు, ఎవరు లెక్కేశారో.
డబ్బాగింది.
బండొస్తుందని మూట కట్టుకుని
గడపలో కూచున్నా.

శనివారం వచ్చింది. దొరసాని రాలేదు.
ఆదెమ్మ ఆముదం గిన్నెతో వచ్చి
"యాడికే ఆ మూట? ఇట్టా తిరుగు" అంది.
చిక్కులు తీస్తా, ఎప్పట్లాగే
నా జుట్టుని, నన్నూ, ఎండనీ తిట్టింది.

ఆ రాత్రి నాలుగో ముద్ద అడిగాను.
తోలు వాసన చెయ్యి
అడక్కముందే కుండలో ఉంది.