పదకొండో ప్రశ్న

పీణ్య రెండో స్టేజీలో ముప్పై మూడేళ్లు
బేరింగుల చుట్టుకొలత చూసినోణ్ణి.
మైక్రాను తేడా ఉన్నా
పక్క ట్రేలోకి తోసేసినోణ్ణి.
ఇప్పుడు నన్ను కొలవడానికి
దాసరహళ్లిలో మా మెట్లెక్కి వస్తా ఉన్నాడు ఎవరో కుర్రాడు,
చేతిలో సూదుల పెట్టె.

దీనికి ముందు సంగతి చెప్పాల.

చైత్ర అని, ఆఫీసులో హెచ్చార్ పిల్ల.
కన్నడంలో, ఎంతో మర్యాదగా చెప్పింది:
"ముప్పయ్యో తారీఖు శాలువా కప్పుతాం అంకుల్.
ఆ రాత్రికే మీ ఇన్సూరెన్సు కార్డు కూడా ముగిసిపోతుంది.
అదే ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర సొంత పాలసీకి మారొచ్చు,
కానీ నలభై అయిదు రోజుల ముందే అర్జీ పడాలి.
మారితే, ఇన్నేళ్లు మీరు కాచిన కాలం మీ వెంట వస్తుంది.
లేటయితే కొత్త మనిషి కింద లెక్క.
పాత జబ్బులకి మూడేళ్లు ఆగాలి."

కాచిన కాలం!
పీఎఫ్ తెలుసు, గ్రాట్యుటీ తెలుసు,
జబ్బుకి కూడా సర్వీసు లెక్క ఉంటుందని
అరవయ్యో ఏట తెలిసింది నాకు.
కణుపులు లెక్కపెట్టుకున్నా. యాభై ఒక్క రోజులు.
అంటే చేతిలో ఉన్నవి ఆరు.

స్టోర్సు గంగిరెడ్డి నాకంటే ఏడాది ముందు దిగిపోయినాడు.
"గుండ్రాయి మాదిరి ఉండా, నాకెందుకప్పా" అన్నాడు.
ఎనిమిది నెలలకి మేలుకొని కొత్త పాలసీ కట్టినాడు.
మోకాలి చిప్పకి రెండేళ్లు ఆగమన్నారంట.
చిప్ప ఆగుతుందా?
మెట్రో మెట్లమీద పక్కకి తిరిగి
ఎండ్రకాయలా దిగుతా ఉంటాడు.

నాలుగో రోజు రాత్రి ఫారం ముందరేసుకున్నా.
హంపమ్మ నానేసిన అనపగింజలు పితుకుతా ఉంది.
నేను అడగడం, ఆమె చెప్పడం.
బీపీ? ఉంది, రాయి.
షుగరు? "బార్డర్లో ఉండాది."
బార్డరుకి గడి లేదు హంపీ.
"అయితే ఉందనే రాయి, పోనీ."

పదకొండో ప్రశ్న:
గతంలో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా?
లేదు అని రాయబోతున్నా.
"ఉంది" అనింది.
గింజ జారి గిన్నె బయట పడింది.
"నువ్వు పూణే ట్రైనింగుకి పోయిన ఏడు.
రొమ్ములో గడ్డ. తీసి కుట్టేసినారు.
చెడ్డది కాదన్నారు. అయిదు దినాలు మా వదిన ఉండె నాతో."
నాకెందుకు చెప్పలేదే?
"చెప్దామనే ఫోను చేస్తి.
కొత్త మిషను కొలతలు చెప్తా ఉంటివి,
సంబరంగా."

పప్పు వాసన. పైన ఫ్యాను.
పందొమ్మిదేళ్లు ఒకే దుప్పటి.

పొద్దున్నే ఏజెంటు నంజుండయ్యకి ఫోను చేస్తే
"అంత పాతది ఎందుకు సార్ రాయడం?
ప్రీమియం ఎక్కిస్తారు" అన్నాడు.
రాయకుంటే?
"ఎప్పుడో క్లెయిము పెట్టిన రోజు
వాళ్లు తవ్వితే తవ్వుతారు, లేకుంటే లేదు."
ఆ లేకుంటే లేదు నాకు నచ్చలేదు.
రాసినా. తారీఖు తెలీక ఏడు మాత్రం వేసినా.
వదినకి ఫోను చేసి నెల కూడా కనుక్కున్నా.
ఆమె ఏడ్చింది. నాకు రాలేదు.

అర్జీ పంపకముందే రక్తం తీయించేద్దాం అన్నాడు నంజుండయ్య.
అదిగో, కుర్రాడొచ్చినాడు. ఆరున్నర.
ఇద్దరం కాఫీ తాగకుండా కూర్చున్నాం
సినిమా హాల్లో మాదిరి పక్కపక్కన.
మొదట ఆమెది. చూపు తిప్పుకోలేదు.
పత్తి ఒత్తుకొని, నా పక్క వంగి,
కుర్రాడికి తెలీకుండా తెలుగులో, మెల్లగా అడిగింది:

"పన్నెండో దానికి
అప్పుడప్పుడూ కళ్లు తిరిగి పడ్డారా అంటే
లేదు అని అంత నిదానంగా రాసినావెందుకు?"

రబ్బరు పట్టీ భుజానికి బిగిసి ఉంది.
మూడో షిఫ్టు, గ్రైండింగు మిషను పక్కన చల్లటి నేల,
ఎవరికీ చెప్పొద్దని నేను పట్టుకున్న హెల్పరు చెయ్యి.
అర్జీకి ఇంకా ఒక దినం ఉండాది.

"అయిపోయింది సార్,
పిడికిలి వదలండి" అన్నాడు కుర్రాడు.