రెండు నుంచి లెక్క

మా హావూ నది వైపు
పెద్దకొడుకును రెండోవాడంటారు.
మొదటి అంకె ఖాళీగా ఉంచుతాం.
ఎత్తుకెళ్ళడానికొచ్చిన గాలి ఏదైనా
ఒకటోవాడి కోసం ఇల్లంతా వెతికి
ఉత్తచేతుల్తో పోవాలని.
అందుకే మా నాన్న
ఊరందరికీ రెండో అన్న.

కాంథో పట్నంలో నా పని
కొర్రమీను తల కోసి
శనగగింజంత మెదడు తీయడం.
మంచు మీద నూరి, మందునీళ్ళు కలిపి
పసుపు రంగు ఎంతసేపటికి తేలుతుందో చూడటం.
ఆలస్యమైతే, తగిలినట్టే.

నరం కండతో కదులు అంటుంది.
మరుక్షణం ఇక చాలు అనేదొకటి ఉంటుంది లోపల.
సుడిదోమకని కొట్టిన మందు
ఆ చాలు అనే నోరు నొక్కేస్తుంది.
చేప చచ్చిపోదు, చాలాసార్లు.
మొప్పలు ఆగకుండా కొట్టుకుంటాయి.
గుక్కెడు గాలి కోసం పైకొచ్చి
పైకొచ్చి
మళ్ళీ పైకొచ్చి
ఎందుకొచ్చిందో మరిచినట్టు పక్కకి ఒరుగుతుంది.

నీటిమీద ఎర్రపిల్లల గుంపు,
ఎవరో మిరపగింజలు ఒలకబోసినట్టు.
కింద కాపలా ఉండాల్సిన తల్లి
వాటి మీదికే నోరు తెరవడం
గాజుతొట్టిలో రెండుసార్లు చూశాను.
నివేదికలో దానికి గడి లేదు.

"పోల్చి చూడ్డానికి మందెరగని చేపలు కావాలి,
ముప్పై. మీ ఊరు బాగా లోపలికి కదా"
అంది మా ఒవాన్ మేడమ్.

పడవ మీద వీ థుయీ దాకా పోయాను.
మా కాలవలో వల వేశాను. ఆలస్యం.
దాని వెనక కాలవ. ఆలస్యమే.
కాయపుటి చెట్ల నడుమ నల్లనీళ్ళ మడుగులో,
ఎవరూ నాటు వేయని చోట,
కాస్త తొందరగా తేలింది గాని
తేలాల్సినంత కాదు.
నియెమ్ అత్త వాననీళ్ళ జాడీలో మాత్రం
ఒకే ఒక్క చేప, నల్లగా, నిదానంగా.
అడిగాను.
"మంచిదైతే కోయడమెందుకే?" అంది,
జాడీ మీద మూత పెట్టేసింది.

రాత్రి నాన్న అన్నం ముందు కూర్చున్నాడు.
భుజాల మీద ట్యాంకు పట్టీల గాట్లు.
ఎడమ రెప్ప కింద చిన్న కండ
పురుగు దూరినట్టు అదురుతోంది.
"కన్నదిరితే చుట్టాలొస్తారంటే నమ్మలేదు,
నువ్వొచ్చావ్" అన్నాడు.
నవ్వాను.
గిన్నె అంచుకి పుల్లలు టకటకమంటున్నాయి.
చెయ్యి ఆగాలనే చూస్తోంది,
ఆగమని చెప్పేవాళ్ళే లేరు.

వేలు పట్టుకున్నాను.
"నా మెదడు కూడా తీస్తావా ఏంటి?"
"చుక్క రక్తం చాలు నాన్నా."
చాలు అన్న మాట
నా నోట్లోంచి వచ్చాక వినబడింది నాకు.

చేపల పక్కనే, అదే మంచుపెట్టెలో,
ఆయన గొట్టం.
ఒకటి అని రాయబోయి ఆగి
రెండు అని రాశాను.
అక్కణ్ణుంచి చేపలు: మూడు, నాలుగు, అయిదు.

సోమవారం మేడమ్ పెట్టె తెరిచి లెక్కపెట్టింది.
"ఒకటోది ఏది?"

దొరకలేదన్నాను.
వెతుకుతున్నానన్నాను.