నోటీసులు అంటించరాదు

గజపతి మామకి వర్జ్యం ఎప్పుడో తెలియాలి, అంతే.
తెలిస్తే చొక్కా తగిలించుకుని
వాల్ టాక్స్ రోడ్డు మీదికి టీకి పోతాడు.
ఆ ఒక్క ముక్క కోసం వేలు పెడితే
ఫోను నిండా జనం.
మోకాళ్ళ నూనె. రమ్మీకి రమ్మనే పిల్ల.
మూడు నిమిషాల్లో అప్పు.
మేమెప్పుడూ పోని ఊళ్ళో విల్లా ప్లాట్లు.
మూసే గుర్తు చూస్తే ఆవగింజంత.
నలభై ఏళ్ళు ఎనామెల్ తాగిన ఆ లావు వేలు
దాని పక్కనే పడుతుంది.
పడగానే ఇంకో కొట్టు తెరుచుకుంటుంది.

"ఏమ్మే హంసా, ఈ చీడ వదిలించు" అన్నాడు
ఆదివారం, కరెంటు పోయిన మధ్యాహ్నం,
విసనకర్రతో ఫోనుకే విసురుతూ.

తెలిసిన మందులన్నీ చెప్పాను.
సింహం మొహంది ఒకటుంది మామా,
ప్రకటనల్ని పుట్టుకతోనే మింగుతుంది.
నక్క బొమ్మదానికైతే మనమే కాపలా తగిలించాలి.
"నక్క తోక తొక్కినట్టేలే" అని బోసిగా నవ్వాడు.
అదీ కాదంటే, సెట్టింగుల అడుగున
ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక గడి.
అందులో ఒక పేరు రాస్తే చాలు,
గుమ్మం దాకా రానివ్వదు,
వీధి మొగలోనే నిలేసి పంపేస్తుంది.
"ఎవరిదా పేరు?"
తెలీదు మామా.
"తెలీనోడి చేతికి తాళంచెవా?"
నేనేం మాట్లాడలేదు.
పురసవాక్కం ల్యాబ్‌లో రోజుకి రెండొందల మందిని
ఫోన్ నంబరు అడిగి రాసుకునేది నేనే.
ఎందుకమ్మా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

నక్కనే పెట్టాం. కాపలా తగిలించాం.
పేజీ తెరిస్తే
తిథి, నక్షత్రం, వాటి నడుమ
ఏమీ లేని ఒక తెల్ల గడి.

మామ అక్కడే ఆగిపోయాడు.
ఫోన్ని కిటికీ వెలుగులోకి తిప్పి
ఆ తెలుపుని బొటనవేలితో రుద్దాడు,
తడి ఆరిందా అన్నట్టు.
"సున్నం బాగా కొట్టారే" అన్నాడు.
తర్వాత చాలాసేపు గోడల గురించే.
ఏనుగు గేటు దగ్గర పళ్ళపొడి గోడ,
చూళై మలుపులో గొడుగుల గోడ,
అడుగుకి అర్ధ రూపాయి, రంగు వాళ్ళదే.
అదే కుంచెతో సేట్‌ల ప్రహరీల మీద
ఇచట నోటీసులు అంటించరాదు అని
తెలుగులో, అరవంలో, ఇంగిలీషులో.
"దానికి కూలి ఎక్కువే.
పొద్దున పోయి చూస్తే
రా అక్షరం మీద సర్కస్ పోస్టరు.
మళ్ళీ పిలిచేవాళ్ళు, మళ్ళీ రాసేవాణ్ణి.
ఆ పోస్టరు అంటించినోడు కూడా మనోడే,
రాత్రి ఇద్దరం ఒకే బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్ళం."
ఫ్లెక్సులు వచ్చాక ఇద్దర్నీ ఎవరూ పిలవలేదు.

అంతలో పేజీ మీద ఇంకో చీటీ లేచింది.
మీరు మా ప్రకటనలు ఆపేశారు,
వాటితోనే ఈ పంచాంగం నడుస్తోంది,
దయచేసి అనుమతించండి.
మామ కూడబలుక్కుని చదివాడు,
పెదాలు కదుపుతూ, రెండుసార్లు.
"ఎవడో పాపం, లెక్కలు కట్టి రాస్తున్నాడు."
వాళ్ళంతే మామా, నొక్కితే మళ్ళీ అందరూ వచ్చేస్తారు.
"రమ్మీ పిల్లని వద్దని, నూనెవాణ్ణి రానియ్యకూడదా?"
అట్లా ఏరుకోవడం కుదరదు.
"మా గోడ మీద కుదిరేదే."

చివరికి ఈ ఒక్క పేజీకి తలుపు తీయించాడు.
తెల్ల గడిలోకి మోకాళ్ళ నూనె వచ్చి కూర్చుంది.
మామ కళ్ళు చికిలించి దాన్ని చూశాడు:
"మోకాళ్ళకి ళ్ళ ఒత్తు అట్లా వేలాడకూడదు,
ఎవడే వీడికి నేర్పింది?"

చొక్కా తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.
ఆయన వీధి మలుపు తిరిగాక చూశాను,
వర్జ్యం మొదలై పది నిమిషాలైంది.
దాన్ని తప్ప
ఆ పేజీలో అన్నీ చదివాం.