ఆలస్యానికి కారణం

రిజిస్టరులో ఏడో గడి పేరు అది.
ఆరో గడిలో గంటలు వెయ్యాలి,
నొప్పి మొదలైన దగ్గర్నుంచి బల్ల ఎక్కేదాకా.
ఏడో గడి వెడల్పు అరంగుళం.

గీతలు మేడమే గీసిచ్చింది, చెక్క స్కేలు పెట్టి.
"పిత్తాశయం వాచి వచ్చినవాళ్ళని
మా రోజుల్లో మందులిచ్చి పంపేవాళ్ళం,
ఆరు వారాలు చల్లారాక రమ్మని.
చల్లారేది మేమే. రాయి కాదు.
ఇప్పుడు మూడు రోజుల్లోపే తీసెయ్యమంటున్నారు.
మన శ్రీకాకుళంలో ఆ మూడు రోజులూ
ఎక్కడికి పోతున్నాయో రాయి."

రాస్తున్నాను.

ముప్ఫై ఒకటో నంబరు. లోలుగు వరహాలమ్మ, నలభై ఆరు.
పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి.
కుడి డొక్క కింద చెయ్యి పెట్టి
ఊపిరి తియ్యమన్నాను.
సగం దాకా వచ్చి ఆగిపోయింది ఊపిరి.
ఒక రోజు గ్యాసనుకుని సోడా.
ఒక రోజు కూలి పోతుందని పళ్ళబిగువు.
పాసింజరు బండి, ఆమదాలవలసలో దిగి ఆటో.
కార్డు కౌంటరు దగ్గర ఇంకో పూట:
జీడి చమురుకి కాలిన వేళ్ళలో
గీతల్లేవంది యంత్రం.
వార్డులోకి వచ్చేసరికి యాభై రెండు గంటలు.
ఇంకా ఇరవై ఉన్నాయి.

"బేగి తీసీండి బాబూ,
సోమారం పన్లోకెల్లాల."

రాత్రి పదకొండుకి థియేటరు గుమ్మం దాకా తెచ్చాం.
అప్పుడే రణస్థలం నుంచి వచ్చాడు పైల మన్మథరావు,
ఇరవై మూడేళ్ళు, షిఫ్టు దిగి బండి మీద ఇంటికెళ్తూ
లారీ కింద.
కడుపు బిగిసిపోయి ఉంది.
స్కానింగులో నల్లటి మడుగు.
మత్తు డాక్టరు ఒక్కరే. రాత్రికి బల్ల ఒక్కటే.
స్ట్రెచరు వెనక్కి తిప్పుతుంటే
వరహాలమ్మ కాళ్ళు ముడుచుకుంది,
అతని స్ట్రెచరు పట్టడానికి.
"ఆ గుంటడికి ముందు సూడండి.
ఈ నొప్పి నాకెరికే."

ప్లీహం తీసేశాం. కాలేయం ఇంకా కారుతూనే ఉంది.
నేను కుట్టు మీద కుట్టు వేస్తున్నాను.
మేడమ్ నా మణికట్టు పట్టుకుంది:
"అన్నీ ఇవాళే బాగుచెయ్యకు.
గుడ్డలు కుక్కు. పొట్ట మూయకుండా బయటికి రా.
ఒళ్ళు చల్లబడిపోతోంది వాడికి.
ముందు వెచ్చబడనీ, తెల్లారనీ,
అందం తర్వాత చూద్దాం."

తెల్లారింది. అతను ఉన్నాడు.

వరహాలమ్మ బల్ల ఎక్కేసరికి సాయంత్రం ఆరు.
లోపల అంతా అతుక్కుపోయి ఉంది,
ఏది నాళమో ఏది నరమో తెలీకుండా,
బట్టీలో మాడిన పిక్కలా.
నా చేతికి తెలుసు, ఇంకో అరంగుళం తవ్వితే
పైత్యం దారి తెగుతుందని.
అయినా మొత్తం తియ్యాలనే ఉంది.
అప్పుడు మేడమ్ నోట
టెక్కలి మాట దొర్లింది, ఎప్పుడూ దొర్లనిది:
"ఒగ్గీ."
రాళ్ళు తీసి, పైభాగం కోసి,
అడుగు ముక్క అక్కడే వదిలేశాం.
చదువులో దీనికి పేరుంది,
ఓటమి కాదని నిరూపించే లెక్కలూ ఉన్నాయి.
ఆ పూట నాకు మాత్రం ఓటమిలాగే ఉండింది.

మూడో రోజు రాళ్ళు చూపించమంది.
సీసా మూత తీసి కాగితం మీద పోసుకుని
వేలితో మూడు కుప్పలు చేసింది:
"ఇయ్యి గుండు. ఇయ్యి బద్ద. ఇదంతా నూక."
గుండు ఏడు.
"మా సావుకారైతే
ఈ బద్దల్ని నూకలో కలిపేసి కూలి కట్టీవోడు."
కుట్లు పట్టుకుని నవ్వింది.

ఆరో గడిలో డెబ్భై తొమ్మిది వేశాను.
ఏడో గడిలో: బల్ల ఖాళీ లేదు.
అది నిజమే.
దాని కింద పెన్సిలుతో, చిన్నగా: దారిచ్చింది.
మేడమ్ చూసింది.
"ఈ కారణానికి మన దగ్గర కోడ్ లేదు," అంది.
రబ్బరు మాత్రం తియ్యలేదు.

ముప్ఫై రెండో నంబరు భావనపాడు నుంచి,
వల లాగే మనిషి, కళ్ళు పచ్చగా.
నొప్పి ఎప్పట్నుంచి?
"పున్నం పోటు కాణ్ణించి బాబూ."
గోడ మీద క్యాలెండరు తిప్పుతున్నాను,
పున్నానికి గంటలు కట్టడానికి.