మూడు లీటర్లు

పొద్దున పోసిన నీళ్లు
నిమిషంలో అడుగు కన్నాల్లోంచి కారిపోయాయి.
మధ్యాహ్నానికి ఆకులన్నీ
మడిచిన గొడుగులా కిందికి వాలాయి.
మళ్లీ పోశాను. మళ్లీ అదే.
ఎత్తి చూస్తే అడుగున తెల్లటి వేళ్లు,
సేమియా ఉండలా
ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.

తప్పు నాదే.
పెరుగు బకెట్టు ఖాళీగా కనబడితే
నాలుగు కన్నాలు పొడిచి విత్తనం పెట్టాను.
ప్యాకెట్టు మీద రాసే ఉంది:
ఇది పగటి పొడవు లెక్కపెట్టదు,
వయసు చూసుకుని పూసేస్తుంది,
చోటు మార్చొద్దు.
కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయిన రోజది.

కాంబాలో ఈ పెరట్లో
తులసి రెండుసార్లు వేశాం.
జూన్ మంచు రెండుసార్లూ నల్లగా మాడ్చింది.
తులసివనంలో గంజాయి మొక్కరా నువ్వు
అనేవాడు మా లెక్కల మాస్టారు
క్లాసంతా నన్ను చూసేలా.
వనం పోయింది మాస్టారూ,
మొక్క మిగిలింది.
చట్టం మనిషికి రెండు ఒప్పుకుంటుంది ఇక్కడ,
నాకు ఒకటి చాలు.

ఇరవై ఆరేళ్లు కాన్‌బెర్రాలో బస్సు తోలాను.
నడుములో నాలుగో పూస
ఐదోదాని మీద కూర్చుంది, లేవనంటోంది.
నిద్ర రెండున్నరకల్లా దిగిపోతుంది,
బెల్లు కూడా కొట్టకుండా.
డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఈ ఆకు వంక చూడలేదు,
ఎప్పుడు సీసా ఇచ్చి ఉచ్చ అడుగుతారో అని.
ఇప్పుడెవరూ అడగరు.

కంచె మీంచి నెవెంకా అంది,
"వేళ్లు చీల్చెయ్. నాలుగు గాట్లు, కొత్త మట్టి.
నా టమాటాలకి అదే చేస్తా.
నొప్పెడితేనే బుద్ధొస్తుంది."
టమాటాకి చెల్లుతుంది.
టమాటాకి ఏప్రిల్ దాకా టైముంది.
దీనికి ఇవాళ ముప్పై ఎనిమిదో రోజు,
కణుపుల్లో అప్పుడే తెల్లటి నూగు.
గాయం మానడానికి వారం పడితే
ఆ వారం పూతలోంచే పోతుంది.
మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ
ఇది మాను ఎప్పటికీ కాదు.
మొత్తం ఎనభై రోజులు.
సగం గోడ చుట్టూ తిరగడంలోనే అయింది.

తిరగడం నాకు తెలుసు.
ఈ ఊరు గీసినవాళ్లకి గుండ్రాలంటే ప్రాణం.
కొత్తలో ఒక శనివారం
దారి తప్పి ఒకే రౌండెబౌట్‌ని నాలుగుసార్లు చుట్టాను,
వెనక పదకొండు మంది.
ఒక్కరూ నోరెత్తలేదు.
ఐదోసారికి ఒక ముసలావిడ
కర్ర పట్టుకుని ముందుకొచ్చి
"ఎడమకి," అంది. అంతే.

కాబట్టి లాగలేదు, చీల్చలేదు.
సాయంత్రం ఎండ దిగాక
మా అరుంధతి కాండం పట్టుకుంది.
నేను రంపం బ్లేడుతో
బకెట్టు అడుగు మాత్రం చుట్టూ కోశాను.
"పురుడు పోస్తున్నట్టుంది," అంది,
నవ్వొద్దంటే ఇంకా నవ్వింది.
ప్లాస్టిక్ బిళ్ల ఊడి వచ్చింది,
వేళ్ల అచ్చు దానిమీద చక్రంలా.
బకెట్టుని బకెట్టులాగే
ఇరవై లీటర్ల కుండీలో తడిమట్టి మీద కూర్చోబెట్టి
అంచుల చుట్టూ మట్టి అదిమి
గ్లాసుతో నీళ్లు, కాఫీ వడపోసినంత నిదానంగా.

మర్నాడు అలాగే వాలి ఉంది.
ఆ మర్నాడూ.
నెవెంకా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.
నలభై రెండో రోజు పొద్దున
కాకటూలు కరెంటు తీగ మీద గోల చేస్తుంటే
చెప్పులు లేకుండా వెళ్లి చూశాను.
పై ఆకులు రెండు చేతులెత్తాయి.
కింది ఆకులు పసుపుపచ్చగా రాలాయి.
రెండూ నిజమే.

జనవరి చివర కోశాం.
ఎండాక వంటింటి త్రాసులో పంతొమ్మిది గ్రాములు.
"ఇంతేనా?" అంది నెవెంకా,
ఆరు టమాటాలు నా చేతిలో పెడుతూ.
ఇంతే.

మొదలు పెకిలిస్తే
పైన బకెట్టు ఆకారం చెక్కుచెదరలేదు,
ఆ వేళ్లు చివరిదాకా గోడనే వెతికాయి.
అడుగునుంచి మాత్రం ఏడు,
వేలు పెట్టి లెక్కపెట్టాను,
ఏడు వేళ్లు నిటారుగా కిందికి దిగాయి.