పేజీకి పదిహేను సెంట్లు

అద్దం అడుగున అరచెయ్యి పట్టేంత సందు.
ఇరవై రెండేళ్ళ నా నౌకరీ అంతా
ఆ సందులోంచే నడిచింది.

షెరీఫు ఆఫీసు, రికార్డుల కిటికీ,
నదికి వరదొస్తే మొదట మునిగే వీధి.
ఎవరైనా రావచ్చు, ఎవరి అరెస్టు కాగితమైనా అడగొచ్చు.
ఎందుకని నేనడగకూడదు.
రాష్ట్ర చట్టం మొత్తంలో
నాకు కంఠతా వచ్చింది ఆ ఒక్క ముక్కే.
విడాకుల లాయరు, పత్రిక కుర్రాడు,
కాబోయే అల్లుడి గుట్టు తెలుసుకోవాలనే తల్లి,
కంచె తగాదా తెగని పొరుగువాడు,
ఎవరూ పేరు చెప్పక్కర్లేదు.
కాగితంలో ఉన్నవాడికి మాత్రం
పుట్టిన తేదీ, ఎత్తు, బరువు,
ఎడమ భుజం మీది పచ్చబొట్టు దాకా దాపరికం లేదు.
సోషల్ సెక్యూరిటీ నంబరు మీద నల్ల స్కెచ్ పెన్ను గీస్తాను.
నేను చెయ్యగలిగిన దయ ఆ గీత మందం.

మార్చిలో డెల్ఫీన్ ఆస్క్యూ వచ్చింది.
పందొమ్మిదో ఏట, కిరాణా కొట్టు ముందు,
వేరెవరో రాసిన చెల్లని చెక్కుకి
ఈమె చేతులకి బేడీలు పడ్డాయి.
తొమ్మిదో రోజున జడ్జి కేసు కొట్టేశాడు.
"నా కాగితం నాకే అమ్ముతారా?"
రెండు పేజీలు, ముప్పై సెంట్లు అన్నాను.
ఫొటోలో జుట్టు తడిసి ముఖానికి అతుక్కుని ఉంది.
"ఆ రోజు వాన. ఎక్కడా రాయలేదే" అంది.
కేసు కొట్టేసిన సంగతీ రాయలేదు.
అది కోర్టు కాగితం, వీధికి అవతలి భవనం,
మా ఫారంలో దానికి గడి లేదు.

ఆగస్టులో ఓడెల్ టాకెట్.
గని సమ్మె నాటి రాత్రి వాళ్ళన్న వర్జిల్‌ని
డెప్యూటీలు జీపెక్కించడం ఊరంతా చూసింది.
మేం పట్టుకోనే లేదని ఆఫీసు యాభై ఏళ్ళు బుకాయించింది.
మూడుసార్లు అర్జీ, మూడుసార్లు కుదరదు.
నాలుగోసారి రాజధాని నుంచి ఉత్తరం: చూపించి తీరాలి.
నేలమాళిగలోకి నేనే దిగాను.
ఎలుకల పెంట, అట్ట ఊడిన రిజిస్టరు,
ప్రతి పుటలో కింది సగాన్నీ ఏదో పాత వరద తినేసింది.
వర్జిల్ పై సగంలో ఉన్నాడు.
రాత్రి పదకొండూ నలభై. తెచ్చినవారి సంతకం.
విడుదల అన్న గడి ఖాళీ.

ముసలాయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
"అయితే ఉన్నాడన్నమాట, ఇక్కడ."
చిల్లర లెక్కపెట్టి పదిహేను సెంట్లు ఇచ్చి
రసీదు అడిగి మరీ తీసుకున్నాడు.

ఆ రాత్రి నా గిన్నెలో సూపు చల్లారిపోయింది.
ఈ సందు లేకపోతే వర్జిల్ పుట్టనట్టే.
ఈ సందు ఉంది గనకే
డెల్ఫీన్ ఆ వానలో తడుస్తూనే ఉంది.

అక్టోబరు. ప్రూయిట్ ఇళ్ళు అద్దెకిస్తాడు.
నెలకోసారి పేర్ల జాబితా తెస్తాడు.
ఎందుకో అడగను. తెలుసు.
ఈసారి పదకొండు పేర్లు, ఏడోది ఆమెది.
మధ్యాహ్నం రమ్మన్నాను.
భోజనం వేళ వీధి దాటి
జడ్జి ఉత్తర్వు నకలు నా డబ్బుతో కొన్నాను.
అడగని కాగితం ఇవ్వకూడదని
చట్టంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను.
కనపడలేదు. గట్టిగా వెతకలేదు కూడా.

రెండు పేజీల వెనక మూడోది చేర్చి
పిన్ను కొట్టి, సందులోంచి తోశాను.
ప్రూయిట్ పైనున్న ఫొటో చూశాడు, ఆ తడిజుట్టు.
కట్ట మడిచి చంకలో పెట్టుకున్నాడు.
కారులో కూర్చుని తిప్పి చూశాడో లేదో.
ఈ కిటికీలోంచి
తలుపు దాకానే కనిపిస్తుంది.